కుంగేది కమాను, తిట్లు షాక్ అబ్జార్బరుకు

ప్రశ్న అడిగిన ఒంగోలు సోదరుడి గోడు క్లుప్తంగా ఇది. ఆయన తన పికప్పుకు ట్రాలీ తగిలించి చీమకుర్తి క్వారీలకు ఎయిర్ కంప్రెసర్ లాక్కెళుతుంటారు. ట్రాలీ తగిలించగానే బండి వెనక కుంగుతోంది. వంతెనలు, కల్వర్టులు దాటాక ముందుకూ వెనక్కూ ఊగుతోంది. గ్యారేజీవారు "హెవీ డ్యూటీ గ్యాస్ షాకులు వేయించండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నారట. ఏ రకం కొనాలి, ఏ కంపెనీవి కొనాలి అన్నది ప్రశ్న.

కంపెనీ పేర్లు తర్వాత. ముందు ఆ గ్యారేజీవారి మీద నా కోపం తీర్చుకోనివ్వండి. మీరు చెప్పినవి రెండు రోగాలు. కుంగడం ఒకటి, ఊగడం మరొకటి. రెండింటికీ ఒకే మందు రాశారు, అదీ తమ అరలో ఉన్న ఖరీదైన మందే రాశారు. షాక్ అబ్జార్బరు బరువు మోయదండీ. మోసేవి ఇరుసు దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనుప కమాను పట్టీలు, అంటే లీఫ్ స్ప్రింగులు. కమాను ఒంగోలు గిత్త అనుకుంటే, షాకు దాని ముకుతాడు. గిత్త చిందులు వేయకుండా ముకుతాడు ఆపుతుంది గానీ బండలాగుడు పోటీలో బండను లాగేది ముకుతాడు కాదు. ప్రకాశం జిల్లావారికి ఈ సంగతి నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే.

గ్యాస్ షాకుల్లోని నైట్రోజన్ ఒత్తిడి బండిని పిసరంత పైకి తోస్తుంది, నిజమే. టన్నున్నర ట్రాలీ తగిలించినప్పుడు ఆ తోపు లెక్కలోకి రాదు. కుంగుడు తగ్గాలని కొత్త షాకులు వేయించుకున్నవారిని మా ఊళ్లో చాలామందినే చూశాను. డబ్బులు పోయాయి, బండి కుంగుతూనే ఉంది. ఆపైన "ఈ కంపెనీ షాకులు మంచివి కావు" అని పదిమందికీ చెప్పుకొస్తారు. షాకు చేసిన పాపమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంత గట్టిగా ఎందుకు మాట్లాడుతున్నానంటే నా తిండి దీనిమీదే. నెల్లూరులో జనరేటర్లు అద్దెకిస్తాను. పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ కొన్ని వెళతాయి గానీ అసలు గిరాకీ రొయ్యల గుంటలది. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు వైపు కరెంటు పోతే మాకు ఫోన్లు మోగుతాయి. వనామీ రొయ్యకు తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. ఆ వేళ నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రైతు ఏడాది కష్టం తెల్లారేసరికి నీటిమీద తేలుతుంది. కాబట్టి మా పికప్పు వెనక జనరేటర్ ట్రాలీ ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. బండి మన పక్కనే శ్రీసిటీలో తయారైన ఇసుజు డీ-మ్యాక్స్. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్లు.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చింది కదా, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది. దాటింది అక్కడైనా వాన మమ్మల్ని ముంచింది. స్తంభాలు ఒరిగిపోయాయి, కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. గాలి కాస్త తెరిపిచ్చిన రాత్రి మైపాడు దారిలో ఒక రైతు ఫోను చేసి "అన్నా, రొయ్య తేలుతోంది" అన్నాడు. ఆ ఒక్క మాట చాలు, ఇంకేమీ అడగక్కరలేదు. ట్రాలీ తగిలించి బయలుదేరాం. డ్రైవరు నడుపుతున్నాడు, నేను పక్కన కూర్చున్నాను.

ఊరు దాటిన తర్వాత ఒక కల్వర్టు వచ్చింది. వేగం ఎక్కువేమీ కాదు. వెనక చక్రాలు దాని మీద ఎగిరి దిగాయి. దిగి ఊరుకోలేదు. బండి ముక్కు పైకి లేచింది, లైట్ల వెలుగు రోడ్డు వదిలేసి కొబ్బరిచెట్ల మొవ్వుల మీద పడింది. మళ్లీ కిందికి వచ్చింది, నీళ్లు నిండిన గుంత కనిపించింది. మళ్లీ పైకి. ట్రాలీ వెనకనుంచి కుమ్ముతుంటే టో హుక్కు ఠంగు ఠంగుమంటోంది. స్టీరింగు చేతిలో ఉంది గానీ ముందు చక్రాలు రోడ్డును పట్టుకున్నట్లే లేవు. డ్రైవరు బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీసేసి ఊగుడు దానంతట అది సద్దుమణిగేదాకా స్టీరింగును నిటారుగా పట్టుకున్నాడు. ఆ కుర్రాడికి ఆ బుద్ధి ఎవరు నేర్పారో గానీ, నేనైతే ఆ నెల జీతంతో పాటు ఇంకొంత చేతిలో పెట్టాను. జనరేటరు వేళకు చేరింది, ఏరియేటర్లు తిరిగాయి.

మర్నాడు బండిని ఆటోనగర్‌లో మా మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. పెద్దాయన. నా మాట సగంలోనే ఆపేసి "అబ్బయ్యా, కథ తర్వాత. ముందు ట్రాలీ తగిలించుకుని నన్నొకసారి గతుకుల్లో తిప్పుకు రా" అన్నాడు. తిప్పుకొచ్చాం. ఇంజను ఆపీ ఆపకముందే బండి కిందికి దూరి ఒక్కో షాకు ఒంటి మీద అరచెయ్యి ఆనించాడు. ముందువి రెండూ చెయ్యి కాసేపు కూడా ఉంచలేనంత వేడి. వెనక కుడిది గోరువెచ్చన. వెనక ఎడమది చల్లగా ఉంది. "ఇది ఎప్పుడో పోయింది. కుడిది దీని పని కూడా చేస్తోంది, అదీ నేడో రేపో" అని తేల్చేశాడు.

ఇందులో మంత్రమేమీ లేదు. స్ప్రింగు ఊగుడును నూనెలో అణిచి, దాన్ని వేడిగా మార్చి గాలికి వదిలేయడమే షాకు పని. పని చేసేది వేడెక్కుతుంది, చెయ్యనిది చల్లగా కూర్చుంటుంది. మీరు కూడా డబ్బు ఖర్చు పెట్టకముందు ఈ పరీక్ష చేయండి. సైలెన్సరు గొట్టానికి చెయ్యి తగలకుండా చూసుకోండి, అంతే. బానెట్టు మీద చేతులు పెట్టి కిందికి నొక్కి వదిలే పరీక్ష కారుకైతే కొంత పనికొస్తుందేమో గానీ పికప్పు కమాన్ల దగ్గర అది పహిల్వాన్ల ముచ్చట. ఖాళీ పికప్పును నొక్కితే కదలనే కదలదు, కదలనిదాన్ని చూసి "షాకులు భేషుగ్గా ఉన్నాయి" అంటారు.

తర్వాత భాయ్ ఎడమ షాకు విప్పి రాడ్డును గుడ్డతో తుడిచి నా ముఖం ముందు పెట్టాడు. మెరవాల్సిన క్రోమియం పూత మీద చీమ తలకాయంత గుంటలు, వాటి చుట్టూ ఎర్రటి తుప్పు. అదంతా గుంటల గట్ల మీది ఉప్పు బురద పుణ్యం. గరుకు తేలిన రాడ్డు లోపలికీ బయటికీ ఆడిన ప్రతిసారీ నూనె కారకుండా ఆపే సీలును ఆకురాయిలా గీకుతుంది. సీలు తెగితే నూనె కారుతుంది, కారిన నూనెకు దుమ్ము అంటి ఒంటి పొడవునా నల్లటి చార కడుతుంది. పైభాగంలో పలుచగా నూనె చెమ్మ కనబడితే కంగారు పడనక్కరలేదు. చార కట్టి బొట్టు జారుతుంటేనే మార్చాలి.

ఇక కుంగుడు సంగతి. ఇది మీకు అసలు పనికొచ్చే ముక్క, షాకుల కన్నా ముఖ్యం. భాయ్ పక్కనున్న రైసు మిల్లు నుంచి బస్తాలు తూచే కాటా తెప్పించాడు. ట్రాలీని చదునైన చోట నిలిపి, డ్రాబారు, అంటే ట్రాలీని బండికి తగిలించే ముందు కడ్డీ, దాని కొనను టో హుక్కు ఎత్తులోనే ఉండేలా కింద చెక్క పేర్చి కాటా మీద ఆనించాడు. ముల్లు 300 కిలోలు దాటింది. మా ట్రాలీ జనరేటరుతో కలిపి టన్నున్నర పైచిలుకు. సాధారణంగా ట్రాలీ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం డ్రాబారు మీద పడాలి. అంటే మాది 150 నుంచి 230 కిలోల మధ్య ఉండాలి. ట్రాలీ కట్టినవారు జనరేటరును ఇరుసుకు బాగా ముందుకు బిగించి పంపారు. బోల్టులు విప్పి, కొత్త రంధ్రాలు వేసి, జనరేటరును కాస్త వెనక్కి జరిపారు. కుంగుడు సగానికి సగం పోయింది. దానికైన ఖర్చు డ్రిల్లు బిట్టుదీ, టీలదీ.

అయితే అత్యుత్సాహంతో మరీ వెనక్కి జరపకండి. డ్రాబారు మీద బరువు 10 శాతం కన్నా తగ్గిందా, ట్రాలీ పాములా అటూ ఇటూ తోక ఆడిస్తుంది. ముందుకూ వెనక్కూ ఊగడం కన్నా అది వంద రెట్లు ప్రమాదం. అలాగని బరువు ఎక్కువైనా మంచిది కాదు. వెనక కుంగి, ముందు చక్రాలు తేలికపడి, బ్రేకూ స్టీరింగూ రెండూ మొద్దుబారతాయి. ఎదుటివాడి కళ్లలో మన లైట్లు కొట్టడం అదనం. మీ కంప్రెసర్ ట్రాలీని కూడా ముందు తూకం వేయించండి. తూచకుండా షాకులు కొంటే మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టినట్లే.

బరువు సరిగ్గా ఉండీ కుంగుతోందంటే కమాన్లు చూపించండి. వంపు పోయి చదునైన పట్టీలు మార్చాలి, లేదా హెల్పర్ పట్టీ వేయించాలి. అది ఖాళీ బండిలో పక్కన ఊరికే ఉండి, లోడు పడినప్పుడే ఆని పనిచేస్తుంది. ఇక్కడ కూడా మన గ్యారేజీల తీరు ఒకటుంది. అడగకముందే మామూలు పట్టీలు రెండు అదనంగా తోసేస్తారు. బండి వెనక ఎత్తుగా నిలబడుతుంది, చూడటానికి దర్జాగా ఉంటుంది. కానీ షాకు కొలత పాతదే కదా! ఖాళీగా నిలబడినప్పుడే అది దాదాపు చివరిదాకా సాగి ఉంటుంది. చక్రం చిన్న గుంతలో దిగితే చాలు, లోపల పిస్టను పైమూతకు టక్కున తగులుతుంది. అలా రోజంతా తగిలితే ఎంత గొప్ప కంపెనీ షాకైనా ఎన్నాళ్లు నిలుస్తుంది? అన్నట్టు, పట్టీలు పెంచినంత మాత్రాన ఆర్సీలో రాసిన మొత్తం బరువు పెరగదు. ఆ లెక్క చెక్‌పోస్టు దగ్గర తెలుస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. మార్కెట్లో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి ట్విన్ ట్యూబ్. లోపల ఒక గొట్టంలో పిస్టను, దాని చుట్టూ ఇంకో గొట్టంలో మిగతా నూనె, పైన కొద్దిపాటి ఒత్తిడితో నైట్రోజన్. గ్యాస్ లేని పాతకాలపు రకంలో గతుకుల్లో నూనె నురగ కట్టి షాకు జావగారిపోతుంది. గ్యాస్ ఉంటే ఆ నురగ తగ్గుతుంది. రెండోది మోనోట్యూబ్. ఒకటే లావుపాటి గొట్టం, అడుగున తేలే పిస్టనుకు అవతల 20 బార్లకు పైబడిన ఒత్తిడితో నైట్రోజన్. వేడి నేరుగా బయటి గాలికి పోతుంది కనుక గంటల తరబడి లాగినా పట్టు సడలదు.

మోనోట్యూబే గొప్పదని వీడియోలు చూసినవారందరూ అంటారు. హైవే మీద రోజూ ఒంగోలు నుంచి నాయుడుపేట దాకా బరువు లాగేవారికైతే నేనూ అదే చెబుతాను. మీరు వెళ్లేది చీమకుర్తి. గ్రానైట్ లారీలు చెక్కేసిన రోడ్లు, లారీ చక్రాల కింద నుంచి ఎగిరొచ్చే రాతి చిప్పలు. మోనోట్యూబ్‌లో పిస్టను ఆడేది ఆ బయటి గోడకే ఆనుకుని. దానికి బొటనవేలంత సొట్ట పడితే పిస్టను అక్కడే బిగుసుకుంటుంది, షాకు పారేయాల్సిందే. ట్విన్ ట్యూబ్‌లో బయటి గొట్టానికి చిన్న సొట్టలు పడినా లోపలిది ఆడుతూనే ఉంటుంది. ప్రపంచమంతా మీ చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు రాయిని ఇళ్లలో పరుచుకుని మురిసిపోతోంది. ఆ రాయి పోయే రోడ్డు మాత్రం అలా ఉంది. దానిమీద నేను రాయడం మొదలుపెడితే మీ ప్రశ్న పక్కకు పోతుంది.

అందుకే నా మాట: వెనకకు గ్యాస్ నింపిన ట్విన్ ట్యూబ్, మీ మోడలుకు కంపెనీ నిర్ణయించిన పొడవులోనే. మన దేశంలో 1961 నుంచి షాకులు చేస్తున్న గాబ్రియెల్ ఉంది, మన్రో ఉంది, బండి కంపెనీవారి అసలు విడిభాగమైనా సరే. వాటి మధ్య తేడా గురించి గంటలు గంటలు వాదించుకునేవారికి వేరే పని లేదని నా అభిప్రాయం. అసలుదా నకిలీదా అన్న తేడాయే పెద్ద తేడా. పాత షాకుకు నూనె మార్చి, నల్లరంగు కొట్టి, కొత్త అట్టపెట్టెలో పెట్టి అమ్మేవారున్నారు. నాకూ ఒక దుకాణంలో అలాంటిది అంటగట్టబోయారు. షాకు కొసన బోల్టు దూరే బుష్ రంధ్రంలోకి చూపుడు వేలు పెట్టి తిప్పితే పాత తుప్పు వేలికి అంటింది. మాట్లాడకుండా వేలు చూపించాను, దుకాణదారుడు కూడా మాట్లాడకుండా పెట్టె లోపల పెట్టేశాడు.

"గట్టిగా ఉండేవి ఇవ్వండి" అని మాత్రం అడగకండి. షాకు రెండు వైపులా పనిచేస్తుంది. నొక్కుకునేటప్పుడు కొంత, సాగేటప్పుడు అంతకన్నా ఎక్కువ అడ్డుకుంటుంది. లోడుతో అణిగిన కమాను ఎగిరి తన్నేటప్పుడు పట్టుకోవాల్సింది ఆ సాగే వైపే. నొక్కుకునే వైపు కూడా మరీ బిగుతుగా ఉంటే ట్రాలీ వదిలేసి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు బండి కప్పలా గెంతుతుంది, వెనక చక్రాలు వాన రోడ్డు మీద పట్టు తప్పుతాయి. మీ బండి నెలలో ఎక్కువ దూరం లోడుతో తిరుగుతుందా, ఖాళీగా తిరుగుతుందా అన్నది చూసుకుని కొనండి. సగం సగమైతే బండి కంపెనీవారు పెట్టిన బిగువే చాలు.

మా బావ టెక్సాస్‌లో ఉంటాడు. ఫోర్డ్ ఎఫ్-250 కొని దాని వెనక పడవ తగిలించుకుని చెరువులకు వెళుతుంటాడు. పండగకు వచ్చినప్పుడల్లా నా బండి కింద తొంగిచూసి "బావా, బిల్‌స్టీన్ షాకులు వేయించు" అంటాడు. ఆయన బండికి వేసింది 5100 రకం. అది కొద్దిగా ఎత్తు పెంచిన బండ్ల కోసం చేసింది, మామూలు ఎత్తుకు అదే కంపెనీవారి 4600 ఉంది. ఆయన బండి ఎత్తు పెంచలేదు. ఈ మాట నేనంటే భోజనాల దగ్గర మా చెల్లెలు గుడ్లురిమింది. ఇంకో ఏడాది రాంచో 9000 గురించి చెప్పాడు. షాకు మీద మీట ఉంటుంది, తొమ్మిది మెట్లలో బిగువు మార్చుకోవచ్చు. లోడున్నప్పుడు పెంచాలి, ఖాళీగా ఉన్నప్పుడు తగ్గించాలి. ఆలోచన గొప్పదే. అయిదారు టన్నులు అలవోకగా లాగే బండ్లు, చదునైన రోడ్లు, ఆదివారం తీరిక ఉన్నచోట అది నడుస్తుంది. అర్ధరాత్రి వానలో నా డ్రైవరు బండి కిందికి దూరి మీట తిప్పుతాడా? ఆ మీట రెండు నెలలకు మా ఉప్పు బురదలో బిగుసుకుపోతుంది, కొన్న డబ్బులు దాంతోపాటే.

బిగించేటప్పుడు మీరు పక్కనే నిలబడండి. టీ తాగిరమ్మని పంపిస్తే వెళ్లకండి. రెండూ జతగా మార్చాలి, ఒక్కటే మారిస్తే బండి ఒకవైపు లాగినట్లు నడుస్తుంది. ట్విన్ ట్యూబ్ షాకును పెట్టెలోంచి తీసి నేరుగా బిగించేస్తారు, అది తప్పు. అడ్డంగా పడుకోబెట్టినప్పుడు లోపలి గొట్టంలోకి గాలి చేరి ఉంటుంది. నిటారుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి లాగితే ఆ గాలి పోతుంది. మొదట చెయ్యి తేలిగ్గా దిగుతుంది, తర్వాత ఒకే తీరు బరువు తెలుస్తుంది, అప్పుడు బిగించాలి. బుష్ బోల్టుల ఆఖరి బిగువు మాత్రం చక్రాలు నేలమీద ఆనిన తర్వాతే ఇప్పించండి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దిగగానే రబ్బరు మెలిపడి త్వరలోనే చిరుగుతుంది. ఆ కిచకిచలకు కూడా మళ్లీ షాకులనే తిడతారు. పాత గ్యాస్ షాకును వెల్డింగుతో కోయడం, నిప్పు దగ్గర పెట్టడం చేయనివ్వకండి. లోపల ఒత్తిడి ఉంటుంది, పేలుతుంది.

రాడ్డును కప్పే డస్ట్ కవరు ఉన్న రకమే తీసుకోండి. మాకు ఉప్పు, మీకు రాతి పొడి, రాడ్డుకు రెండూ శత్రువులే. సముద్రం వైపు వెళ్లొచ్చిన రోజు మా బండి కింద మంచినీళ్లతో కడిగిస్తాను. ఆ అలవాటు భాయ్ పెట్టించిందే.

ఇంకో మాట, ఊరూరా రోడ్డుకు అడ్డంగా పోసే స్పీడ్ బ్రేకర్ల గురించి. తెల్లరంగు ఉండదు, బోర్డు ఉండదు, ఒక్కోటి ఒక్కో ఎత్తు. ఎవరింటి ముందు వారు పోయించుకున్నట్లే ఉంటాయి. ఖాళీ బండి ఎలాగో దాటుతుంది గానీ, ట్రాలీ వెనకనున్నప్పుడు చీకట్లో అలాంటిది తగిలితే డ్రాబారు, హుక్కు, షాకు మూడూ ఒకేసారి మూలుగుతాయి. షాకుల వ్యాపారులే వీటికి సిమెంటు ఇస్తున్నారేమోనని నాకు ఒక్కోసారి అనుమానం.

ముందు షాకులు కూడా మార్చాలా అని ప్రశ్న చివర అడిగారు. తిప్పుకొచ్చి చెయ్యి పెట్టి చూడండి. రెండూ సమానంగా వేడెక్కి, నూనె చార లేకుండా, టైర్ల మీద అక్కడక్కడా గిన్నెల్లా అరుగుదల కనిపించకుండా ఉంటే ముందువాటి జోలికి వెళ్లకండి. ఆ డబ్బుతో హెల్పర్ పట్టీ వేయించి, ట్రాలీ టైర్లలో గాలి చూపించుకోండి. ట్రాలీకి టెయిల్ లైట్లు లేకపోతే అవి కూడా పెట్టించండి. మీ జిల్లాలో రాత్రిపూట లైట్లు లేని ట్రాలీలు నా ముందు చాలానే పోయాయి.